ఇరవై ఏడో నంబరు కాలు

కార్డు అద్దం అవతలికి వెళ్ళింది గానీ తిరిగి రాలేదు. విమానాశ్రయం కౌంటరు వెనకున్న పిల్ల ఆఫీసరు దాన్ని రెండు వేళ్ళతో అందుకుని, ముందూ వెనకా తిప్పి చూసి, కంప్యూటరులో ఏదో చదివి, పక్కనున్న ట్రేలో పడేసింది. పాస్‌పోర్టు మాత్రం వెనక్కి తోసింది.

"ఎన్నాళ్ళుంటారు?"

"ఆదివారం దాకా అండీ. అయిదు రోజులు."

"అయిదు రోజులుండి పోయేవాళ్ళని చుట్టాలంటారమ్మా. కాపురముండేవాళ్ళ కార్డు మీకెందుకు?"

కాళ్ళమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆమె అసలు పేరు పాస్‌పోర్టులో ఉంది. కానీ కాళ్ళు పోయినవాళ్ళకి పన్నెండేళ్ళుగా కాళ్ళు చేసిపెడుతున్నందుకు ఆస్పత్రిలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. నోరు కూడా కాస్త పెద్దదే. అయినా ఆ నోటిని కష్టపడి అదుపులో పెట్టుకుంది. వెనక అరవైమంది వరసలో నిలబడి ఉన్నారు, అద్దం అవతల కార్డు ఉంది, ఆ కార్డు మీద మొగుడి కార్డూ కూతురి కార్డూ ఆధారపడి ఉన్నాయి.

"కాళ్ళు చేసే పనిలో పై శిక్షణకి వేరే దేశం వెళ్ళానండీ. పద్దెనిమిది నెలల కోర్సు, పది నెలలైంది. ఏడాది దాటి బయటుంటే కార్డు పోతుందన్నారు కదా, అందుకే దాటకముందే వచ్చాను."

"అంటే కార్డు కోసం వచ్చారు."

"నా ఇంటికొచ్చానండీ."

"అదే రుజువు చెయ్యండి," అని ఆ పిల్ల ఒక చీటీ మీద ముద్ర కొట్టి సందులోంచి తోసింది. శుక్రవారం ఉదయం పది గంటలకి, నివాస కార్యాలయం, మూడో అంతస్తు. తన స్థిరనివాసం ఇక్కడే ఉందని రుజువులు చూపించాలి. చూపించలేకపోతే కార్డు రద్దు. అంతదాకా కార్డు వాళ్ళ దగ్గరే.

బయటికి నడుస్తూ ఆమె ఆ చీటీని నలిపి మళ్ళీ సాపు చేసింది. ఇక్కడివాళ్ళు ఇలా అంటున్నారు. శిక్షణ ఇచ్చే దేశం వాళ్ళు తాత్కాలిక వీసా ఇచ్చేముందు ఇంకో పాట పాడించారు. కోర్సు అయిన మర్నాడు ఒక్క రోజు కూడా ఉండను, మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతాను అని మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి అక్కడి హాజరు పట్టీలో ఆమె సంతకం లేకపోతే ఆ వీసా కూడా పోతుంది. వాళ్ళకేమో ఆమె తప్పకుండా వెళ్ళిపోతుందని నమ్మకం కుదరాలి, వీళ్ళకేమో ఆమె అసలు వెళ్ళనే లేదని నమ్మకం కుదరాలి. మధ్యలో నిలబడ్డ మనిషికి రెండు కాళ్ళే ఉంటాయని ఏ ఆఫీసువాడికీ గుర్తుండదు.

గేటు దగ్గర మొగుడు బస్సు డిపో మెకానిక్కు యూనిఫారంలోనే నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్ళ కూతురు పరుగెత్తుకొచ్చి ఆమె నడుముని వాటేసుకుంది. దాని జడ ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నంగా ఉంది.

"ఏమైంది, మొహం అలా ఉంది?" అన్నాడతను.

"నేను చుట్టాన్నిట," అంది కాళ్ళమ్మ.

*

ఆమె కాళ్ళు చేసే కార్ఖానా, ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో ఉంది. బుధవారం పొద్దున్నే తలుపు తోయగానే తడి ప్లాస్టరు వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కలిసి మొహానికి తగిలాయి. పది నెలలు అద్దాల గదుల్లో పనిచేసిన ముక్కుకి ఆ వాసనతో ప్రాణం లేచొచ్చినట్టయింది. మేస్త్రీ ఒక తెల్లటి మొండికాలి అచ్చుని బల్ల మీద బిగించి ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన పని అదే. మామూలుగా అయితే "వచ్చావా తల్లీ, అక్కడివాళ్ళ కాళ్ళన్నీ అయిపోయాయా?" అని ఏదో ఒకటి అనేవాడు. ఇవాళ ఆకురాయి పక్కన పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"టీ తాగుతావా అమ్మా?" అన్నాడు, ఆమె భుజం మీదుగా ఎటో చూస్తూ.

తన బల్ల ఎలా ఉందోనని ఆమె చూసుకుంది. బల్ల పైన గోడ మేకుకి తన ముద్ర వేలాడుతోంది. ముద్ర అంటే బొటనవేలంత ఇనపకడ్డీ, కొసన నంబరు. కాలు తయారయ్యాక ఆ కడ్డీని కాల్చి, మొండికాలు దూరే తొడుగు లోపలి అంచున ఒత్తుతారు. ఆ కాలుకి బాధ్యులెవరో ఎన్నేళ్ళకైనా తెలియడానికి. ఆమెది ఇరవై ఏడు. ఎవరి ముద్ర వాళ్ళ మేకుకి ఉంటుంది, ఎవరూ పక్కవాళ్ళది ముట్టుకోరు, ఎవరూ ఇంటికి తీసుకెళ్ళరు. ఇంటికి తీసుకెళ్ళడమంటే పక్కవాణ్ణి దొంగ అన్నట్టే. అందుకే శిక్షణకి వెళ్ళేటప్పుడు కూడా ఆమె దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళింది.

పది నెలలు వాడని ఇనుముకి తుప్పు పట్టాలి. ఆమె ముద్రని చేతిలోకి తీసుకుంది. కొస నల్లగా కాలి ఉంది, ఏడు అంకె వంపులో మాంసం రంగు ప్లాస్టిక్ ముక్క అతుక్కుని ఉంది.

"మేస్త్రీ," అంది.

ఆయన జవాబు చెప్పే లోపల వరండా బెంచీ మీదనుంచి ఒక గొంతు పిలిచింది. "వచ్చావుటే కాళ్ళమ్మా? వచ్చావని తెలిసే కూర్చున్నాను."

బస్టాండు వెనక కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆమె, అందరికీ పిన్ని. ఎడమ కాలు మోకాలి కింద లేదు. నాలుగేళ్ళ కిందట కాళ్ళమ్మే ఆమెకి కాలు చేసింది. మొండికాలు చిక్కిపోయి అది వదులైపోతే, రెండు నెలల కిందట ఇక్కడే కొత్తది చేయించుకుంది. ఇప్పుడు ఆ కొత్త కాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"ఇది నువ్వు చేసిందేనని చెప్పారమ్మా. నంబరు కూడా చూపించారు. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు," అంది పిన్ని. "నువ్వు చేసిన కాలేసుకుని నాలుగేళ్ళు మిషను తొక్కాను. ఇదేసుకుని నాలుగు జాకెట్లు కుట్టేసరికి నెత్తురొచ్చింది."

కాళ్ళమ్మ నేల మీద కూర్చుని మొండికాలి మేజోడు తీసింది. ఎముక కొసన రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ ఎర్రగా వాచి ఉంది. కాలు తలకిందులు చేసి తొడుగులోకి వేలు పెట్టింది. ఎముక కొస తగిలే చోట గుంట తీయాలి, తీయలేదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు కూడా మరిచిపోని గుంట అది. అంచు దగ్గర వేలికి రెండు అంకెలు తగిలాయి. చూడకుండానే చదవగలిగింది.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ క్షణాన ఆమెకి తెలిసొచ్చింది. మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మూడు రోజులకో కాలు అవ్వాల్సిందేనన్నాడమ్మా పెద్ద సారు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "అచ్చు ఆరనివ్వకుండానే అరగదీయమంటాడు. నంబరు కూడా నీదే కొట్టమన్నాడు."

"ఎన్ని?"

"అరవై మూడు."

పెద్ద సారు తన గదిలో చల్లగా కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి మరీ పలకరించాడు. ఆయనకి అంత మర్యాద ఎప్పుడొస్తుందో కార్ఖానాలో అందరికీ తెలుసు.

"కూర్చో అమ్మా. కార్డు లాక్కున్నారటగా, మీ ఆయన చెప్పాడు. దిగులు పడకు, మేం లేమా? ఉత్తరం రాయించి పెట్టాను."

ఉత్తరంలో ఆమె పది నెలలుగా ఒక్క రోజు కూడా మానకుండా ఈ కార్ఖానాలోనే పనిచేస్తోందని ఉంది. ఉత్తరం పక్కనే హాజరు పట్టీ తెరిచి ఉంది. ఆమె వరస పది నెలలూ ఖాళీగా, ప్రతి గడిలోనూ పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఉంది.

"ఆ చుక్కల మీద సంతకాలు పెట్టేసెయ్యి. ఉత్తరం పట్టుకెళ్ళు."

"నన్ను శిక్షణకి పంపింది మీరే కదా సార్. పంపామనీ, వచ్చాక ఉద్యోగం ఉంటుందనీ, ఉన్నది ఉన్నట్టు రాయండి. చాలు."

"అలా రాస్తే ఆ అరవై మూడు కాళ్ళూ ఎవరు చేశారంటారు? మిగతావాళ్ళు మానేసి వెళ్ళాక సర్టిఫికెట్ ఉన్న చెయ్యి ఇక్కడ నీదొక్కటే. నువ్వు లేవంటే ఒక్క కాలు కూడా బయటికి పోకూడదు."

"ఎవరు చేశారని నేనూ అదే అడుగుతున్నాను."

ఆయన నవ్వాడు. చిన్నపిల్ల పేచీ పెడితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "కాళ్ళు లేనివాళ్ళని ఏడాదిన్నర కూర్చోబెట్టమంటావా? నేను చేసింది వాళ్ళ మంచికే. నీకూ మంచిదే."

"వరండాలో ఒకావిడ నెత్తురోడుతూ కూర్చుంది సార్. ఆ మంచేదో వచ్చి ఆవిడకి చెప్పండి."

"కాళ్ళమ్మా," అన్నాడాయన, ఈసారి నవ్వకుండా. "నీ కార్డు పోతే మీ ఆయన కార్డు, నీ పిల్ల కార్డు కూడా పోతాయి. ఇంటికెళ్ళి బాగా ఆలోచించుకో. పెన్ను ఇక్కడే ఉంటుంది."

పన్నెండేళ్ళుగా కాళ్ళు పట్టుకోవడమే ఆమె వృత్తి. ఎవరి కాళ్ళయినా పట్టుకుంది, చీము కారేవి, కంపు కొట్టేవి కూడా. ఈయన కాళ్ళు మాత్రం పట్టుకోబుద్ధి కాలేదు. పెన్ను ముట్టుకోకుండా బయటికొచ్చేసింది.

*

ఇంట్లో సాయంత్రం గొడవైంది. మొగుడు చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు, ఆమె కాగితాలు మంచం మీద పరుస్తోంది. ఇంటి అద్దె ఒప్పందం, పిల్ల స్కూలు డైరీ, పళ్ళ డాక్టరు చీటీ. గుమ్మం పక్కన గోడ మీద ఏడేళ్ళుగా ప్రతి పుట్టినరోజుకీ పిల్ల ఎత్తు కొలిచి గీసిన పెన్సిలు గీతలున్నాయి. ఇది తన ఇల్లని చెప్పడానికి వాటిని మించిన రుజువు లేదు, గోడని పెకలించి మూడో అంతస్తుకి మోయడం ఎలాగో తెలియక ఫోటో తీసింది.

"సంతకాలే కదా," అన్నాడతను ఇస్త్రీపెట్టె ఎత్తకుండానే. "ఆయనేమీ నిన్ను దొంగతనం చెయ్యమనట్లేదు కదా."

"చేసేసిన దొంగతనానికి సంతకం పెట్టమంటున్నాడు."

"పది నెలల నుంచి పిల్లకి జడ వేస్తోంది నేను. డిపోలో డబుల్ డ్యూటీ చేసి వచ్చి దాని లెక్కలు చూస్తోంది నేను. నువ్వు అక్కడ హాయిగా చదువుకో, ఇక్కడ నేను చూసుకుంటానన్నాను. అన్నానా లేదా? ఇప్పుడు ఎవరిదో ఒక పుండు కోసం మా ఇద్దరినీ రోడ్డు మీద నిలబెడతావా?"

చొక్కా కాలిన వాసన వచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఇస్త్రీపెట్టె కోసం చెయ్యి చాపారు. జేబు మీద గోధుమరంగు మరక పడింది.

"ఎవరిదో పుండు కాదు," అందామె. "ఆ పుండు మీద నా నంబరుంది. అలాంటివి ఇంకా అరవై రెండు ఊళ్ళో తిరుగుతున్నాయి. సంతకం పెడితే అవన్నీ నేను చేసినవే అవుతాయి. రేపు అందులో ఒకరి కాలు కుళ్ళితే నన్నే పిలుస్తారు. అప్పుడు ఏ కార్డు చూపించను?"

అతను మరక మీద తడి గుడ్డ అద్దాడు. తర్వాత, "ఇంకో చొక్కా తియ్యి," అన్నాడు. "శుక్రవారం నేనూ వస్తాను."

గురువారమంతా ఆమె కాలికి బలపం కట్టుకుని తిరిగింది. స్కూలు వాళ్ళు ఉత్తరం ఇవ్వడానికి ప్రిన్సిపాల్ లేరన్నారు. ఇంటి యజమాని ఇస్తానని, తలుపు వేసుకుని, మళ్ళీ తీయలేదు. శిక్షణ సంస్థకి ఫోను చేస్తే సోమవారం తొమ్మిది గంటలంటే తొమ్మిది గంటలేనని ఒక మర్యాదైన గొంతు రెండుసార్లు చెప్పింది. మధ్యాహ్నం బస్టాండు వెనక్కి వెళ్ళి, పిన్ని పుండు కడిగి కట్టు కట్టింది. కొత్త కాలు వేసుకోవద్దని ఒట్టు పెట్టించుకుంది. పిన్ని చంకకర్రలు గోడకి ఆనించి ఉన్నాయి, మిషను మీద సగం కుట్టిన లంగా ఉంది.

"నా కాలు గురించి మూడో అంతస్తులో మాట్లాడుకుంటారన్నమాట," అంది పిన్ని అంతా విని. "నేనొద్దా?"

"లిఫ్టు ఉందో లేదో తెలీదు పిన్నీ."

"లేకపోతే నీ మొగుడు మోస్తాడులే. బస్సులెత్తేవాడు నన్నెత్తలేడా?"

*

లిఫ్టు ఉంది గానీ పనిచెయ్యలేదు. డిపో మెకానిక్కు పిన్నిని వీపున వేసుకుని మూడు అంతస్తులెక్కాడు. పిల్ల వెనకాల సంచీలో రెండు కాళ్ళు, పాతదీ కొత్తదీ, మోసుకొచ్చింది. వాళ్ళు ముగ్గురూ బయట బెంచీ మీద కూర్చున్నాక కాళ్ళమ్మని ఒక్కర్తినే లోపలికి పిలిచారు.

గదిలో కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరు ఒక్కడే ఉన్నాడు. కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. గోడ మీది గీతల ఫోటో కూడా చూశాడు.

"ఇవన్నీ మీ ఆయనా మీ పాపా ఇక్కడున్నారని చెప్తున్నాయమ్మా. మీరు ఇక్కడున్నారని చెప్పేది ఏది?"

"లేనండీ. శిక్షణలో ఉన్నాను. తిరిగొస్తాను."

"లేరా?" ఆయన సొరుగు లాగి ఇంకో కాగితం తీశాడు. "మీ కార్ఖానా నుంచి నిన్న సాయంత్రం వచ్చింది. మీరు పది నెలలుగా ఒక్క రోజు మానకుండా పనిలో ఉన్నారట. మీరు చేసిన అరవై మూడు కాళ్ళ జాబితా కూడా జత చేశారు. మా లెక్క ప్రకారం మీరు దేశంలోనే లేరు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను చాలామందిని చూశాను. వెళ్ళినవాళ్ళు వెళ్ళామంటారు, ఉన్నవాళ్ళు ఉన్నామంటారు. ఒకేసారి రెండు చోట్లా ఉన్న మనిషిని ఇదే చూడటం. దొంగ రుజువు పెడితే కార్డు పోవడంతో అయిపోదు. మళ్ళీ ఈ దేశం గడప తొక్కనివ్వం."

అడగని సాయం చేసేశాడు పెద్ద సారు. సంతకాలు పెట్టకపోతే తన మీదికి వస్తుందని, ముందే ఆమె మీదికి తోసేశాడు. కాళ్ళమ్మ ఆ కాగితాన్ని ఆయన వైపే వెనక్కి తోసింది.

"ఆ ఉత్తరం నేను తెచ్చానా? నేను అడిగానా? మీరంతా కలిసి నన్నొక తమాషా చేశారండీ. అక్కడ ఉండనని రాయించుకున్నారు, ఇక్కడ వెళ్ళలేదని రాయమంటున్నారు. నా మాట తప్ప అందరి కాగితాలూ నమ్ముతారు. ఒక్క అయిదు నిమిషాలు కాగితాలు పక్కన పెట్టి ఒక వస్తువు చూడండి."

ఆయన వద్దనే లోపలే తలుపు తీసి పిన్నిని పిలిచింది. పిన్ని చంకకర్రలతో వచ్చి కుర్చీలో కూలబడింది, పిల్ల సంచీ ఇచ్చి వెళ్ళిపోయింది. కాళ్ళమ్మ ఫైళ్ళు పక్కకి జరిపి రెండు కాళ్ళనీ ఆఫీసరు బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది.

"రెండింటి లోపలా వేలు పెట్టి చూడండి. రెండింట్లోనూ ఇరవై ఏడే. నా నంబరు."

ఆయన సంకోచిస్తూనే వేలు పెట్టాడు.

"ఇప్పుడు పాదాలు చూడండి. పాతది కొంచెం మునివేళ్ళ మీదికి వంగి ఉంది, కనిపించిందా? ఈవిడ కుట్టుమిషను తొక్కుతుంది. తొక్కుడుపలక మీద పాదం అలా ఉంటేనే మోకాలు నొప్పెట్టదు. రోజంతా ఆవిడ మిషను పక్కన కూర్చుని చూసి ఆ వంపు పెట్టాను. కొత్తది చూడండి, కవాతుకి నిలబడినట్టు తిన్నగా ఉంది. ఈవిడని ఎరిగినవాళ్ళెవరూ ఇలా చెయ్యరు. ఎముక దగ్గర గుంట కూడా తీయలేదు. పిన్నీ, చూపించు."

పిన్ని చీర కుచ్చిళ్ళు పైకి లాగి కట్టు విప్పింది. ఆఫీసరు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు, మళ్ళీ తనే చూశాడు.

"ఆస్పత్రి చీటీ ఇదిగో బాబూ," అంది పిన్ని. "కాలిచ్చిన తేదీ రాసుంది. ఆ రోజు ఈ పిల్ల ఎక్కడుందో నీ దగ్గరే లెక్కుందిగా? లేని మనిషి నా కాలెలా చేస్తుంది?"

ఆయన చీటీ చూశాడు, కంప్యూటరు చూశాడు, జాబితాలో వేలుపెట్టి ఒక వరస దగ్గర ఆపాడు. తర్వాత ఏ కారణం చేతనో కొత్త పాదాన్ని మడమ దగ్గర పట్టుకుని ముందుకి వంచబోయాడు. అది వంగలేదు. పది నెలలు ఇక్కడ లేకపోవడమే ఆమె మీద వచ్చిన అభియోగం, ఆ లేకపోవడాన్నే ఇప్పుడు ఆమె అంత గట్టిగా రుజువు చేసుకుంది.

"ఇది నేను రాసుకుంటే మీ కార్ఖానాకి తాళం పడుతుంది," అన్నాడాయన చివరికి. "తిరిగొచ్చాక పనిచెయ్యడానికి మీకు ఆ చోటే ఉండదు. తెలుసా?"

"తెలుసు. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత ఒక ఫారం తీసి ముద్ర కొట్టాడు. "ఎనిమిది నెలలకి తిరుగు అనుమతి. ఆదివారం వెళ్ళేటప్పుడు కౌంటరులో ఇస్తే మీ కార్డు ఇస్తారు. ఇక్కడ ఒక గీత ఉంది చూశారా, తిరిగి రావడానికి కారణం. కుటుంబం అని రాయకండి, అందరూ అదే రాస్తారు, ఆ తర్వాత కుటుంబాన్నీ తీసుకుపోతారు. ఉద్యోగం అని రాయడానికి మీకిప్పుడు ఉద్యోగం లేదు. మేం వెళ్ళి తనిఖీ చేసుకోగలిగేది ఏదైనా రాయండి. ఖాళీగా ఉంటే మాత్రం కార్డు రాదు."

*

శుక్రవారం సాయంత్రానికే షెడ్డుకి తాళం పడింది. శనివారం పొద్దున్న మేస్త్రీ ఒక బకెట్టు, ప్లాస్టరు కట్ల సంచీ పట్టుకుని కాళ్ళమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"తాళం వెయ్యకముందే తెచ్చాను," అన్నాడు. జేబులోంచి గుడ్డలో చుట్టిన ముద్ర తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది కూడా."

"నా నంబరు కొట్టేముందు ఒక్క ఫోను చెయ్యలేకపోయావా మేస్త్రీ? పరాయిదాన్నయిపోయానా?"

"చేస్తే నువ్వు వద్దంటావు కదమ్మా."

"అంటాను! గొంతు చించుకుని అంటాను!"

"అంటావనే చెయ్యలేదు," అన్నాడాయన. "ఇరవై ఏళ్ళుగా అచ్చులు తీస్తున్నాను. నాకు చెయ్యి ఉంది, నంబరు లేదు. నీ నంబరు కొట్టినప్పుడు మొదటిసారి, ఇదిగో, ఇది నేను చేశాననిపించింది. నిజం చెప్తున్నాను. తర్వాత మూడు రోజులకొకటన్నాడు. అప్పట్నుంచీ ఏదీ నేను చేశాననిపించలేదు. నన్ను తిట్టు, పడతాను."

తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి. అయితే లోపల బెంచీ మీద, కొలతకి వచ్చిన పిన్ని మొండికాలు చాపుకుని కూర్చుని ఉంది, బకెట్టులో పోసిన వేణ్ణీళ్ళు చల్లారిపోతున్నాయి.

"మోకాలు పట్టుకో," అంది కాళ్ళమ్మ. "తిట్లు తర్వాత."

పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, మొండికాలికి తడిపిన మేజోడు తొడిగింది. తడి తగిలితే రంగు దిగే నీలం కాపీయింగ్ పెన్సిలుతో ఎముక ఉన్న చోటల్లా గీత గీసింది, పుండు చుట్టూ పెద్ద సున్నా చుట్టింది. ప్లాస్టరు కట్టుని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, బుడగలు ఆగాక పిండి, మొండికాలి చుట్టూ చుట్టుకుంటూ పోయింది. మేస్త్రీ చేతులు మోకాలిని కదలనివ్వలేదు. ఆ చేతుల్లో లోపమేమీ లేదని ఆమెకి ఎప్పుడూ తెలుసు, అది తలుచుకుంటే కోపం ఇంకా పెరిగింది. మోకాలిచిప్ప కింద రెండు బొటనవేళ్ళూ నొక్కిపెట్టి ప్లాస్టరు వేడెక్కేదాకా ఆగింది. ప్లాస్టరు గట్టిపడేముందు వేడెక్కుతుంది. పిన్ని చక్కిలిగింతకి నవ్వింది, కదలొద్దని ఇద్దరూ ఒకేసారి కసిరారు.

అచ్చు ఊడొచ్చింది. లోపల నీలం గీతలు, నీలం సున్నా చక్కగా దిగాయి. ఆమె పిన్ని కుడికాలు మోకాలి నుంచి నేలదాకా కొలిచింది. పలక ఒకటి వాలుగా పెట్టి, మిషను తొక్కుతున్నట్టు కుడి పాదం ఆడించమని, ఆ వంపుని అట్టముక్క మీద గీసుకుంది.

"శిక్షణలో చివరికి ఒక కాలు పూర్తిగా చేసి చూపించాలి. ఎవరిదో బొమ్మ కాలు చెయ్యమన్నారు. ఇదే చేస్తాను," అంది.

"ఎనిమిది నెలలా?" అంది పిన్ని.

"పుండు మానేదాకా చంకకర్రలే. మానాక పాతదాంట్లో మూడు మేజోళ్ళు వేసుకో. ప్రతి ఆదివారం మేస్త్రీ వచ్చి పుండు చూస్తాడు. చూడకపోతే నాకు ఫోను చెయ్యి, ఆయన సంగతి నేను చూసుకుంటాను."

"చూస్తాను," అన్నాడు మేస్త్రీ.

"నువ్వు రాకపోతేనో?" అంది పిన్ని, ఈసారి నవ్వకుండా.

కాళ్ళమ్మ అచ్చుని పిల్ల తువ్వాలులో చుట్టింది. "నీ కాలు నా దగ్గర పెట్టుకుని ఎక్కడికి పోతాను పిన్నీ?"

*

ఆదివారం కౌంటరులో అదే పిల్ల ఆఫీసరు ఉంది. ట్రేలో కార్డు కనిపిస్తోంది. వెనక తాడు అవతల మొగుడూ కూతురూ నిలబడి ఉన్నారు. ఇవాళ పిల్ల జడలు రెండూ సమానంగా ఉన్నాయి, పొద్దున కాళ్ళమ్మే వేసింది.

పిల్ల ఆఫీసరు ఫారం చదివి వెనక్కి తోసింది. "కారణం రాయలేదేం?"

"రాస్తాను. పెన్నివ్వండి."

"ఆ చేతిలో ఏంటి? స్కానులో ఏదో వింతగా ఉందట."

కాళ్ళమ్మ తువ్వాలు విప్పి అచ్చుని అద్దం ముందు నిలబెట్టింది. వెనక వరసలో ఎవరో "అయ్యో" అన్నారు.

"కాలు," అంది. "సగమే. మిగతాది చెయ్యాలి."

"ఎవరిది?"

"ఇక్కడుండే మనిషిది. బస్టాండు వెనక కుట్టుమిషను దగ్గర కూర్చునుంటుంది. తనిఖీ చేసుకోవాలంటే వెళ్ళి అడగండి, ఇంకో కాలు లేదని ఆవిడే చెప్తుంది."

పిల్ల ఆఫీసరు సందులోంచి పెన్ను తోసింది. కాళ్ళమ్మ పెన్ను అందుకుంది. అయిదు రోజుల కోపమంతా చేతిలోకి వచ్చి, అక్షరాలు కింది కాగితం మీద కూడా దిగేంత గట్టిగా, ఆ ఒక్క గీత మీద రాసింది: ఎడమ కాలు, మోకాలి కింద. తెచ్చి తొడగాలి.

పిల్ల ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదువుకుని, ట్రేలోకి చెయ్యి పెట్టింది.